బతికున్న పిల్లకు శోకం

మా అమ్మ బాగా ఏడుస్తుందని మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఎగతాళికి చెబుతున్న మాట కాదు ఇది. ఒకావిడకు వంటలో, ఇంకొకావిడకు నాట్లలో పేరు వచ్చినట్టు మా అమ్మకు ఏడుపులో వచ్చింది. ఎవరింట్లోనైనా మనిషి పోతే, శవాన్ని వాకిట్లోకి తెచ్చి పడుకోబెట్టగానే, "ఆ కోదాడ కోడలికి కబురు పెట్టిన్రా?" అని అడిగేవాళ్లు. అమ్మ చేతిలో పని వదిలేసి వెళ్లేది. వెళ్లి ఆ ఇంటి ఆడమనిషి మెడ చుట్టూ చెయ్యి వేసి కూర్చుని మొదలుపెట్టేది.

మా వైపు చావింట్లో ఊరికే ఏడవరు. పోయినవాళ్లను వరసపెట్టి పిలుస్తూ, వాళ్ల గుణగణాలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు దాన్ని. ఆడవాళ్లందరూ పెడతారు, ఎవరికి వచ్చినంత వాళ్లు. అయితే చాలామందివి అవే మాటలు. నన్ను విడిచిపోతివా, నాకు దిక్కెవరు, మళ్లెప్పుడొస్తవు అని. అత్త పోయినా అవే, అన్న పోయినా అవే, వరస ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. మా అమ్మ ఒకరికి పెట్టిన శోకం ఇంకొకరికి సరిపోయేది కాదు.

ఎదురింటి ముసలమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. ఇంకా నిజాం రాజ్యమే. ఆ ముసలమ్మంటే వాడంతా హడలు. తలుపు చప్పుడైతే చాలు, లోపలినుంచే నోరు చేసుకునేది. కొడుకులకు కూడా ఆమె మీద పెద్ద ప్రేమేమీ లేదు. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు ఏదో కానిచ్చేద్దామన్నట్టు ఏడుస్తున్నారు. అమ్మ వెళ్లి కూర్చుంది. తర్వాత అందుకుంది:

"తలుపు తీయకముందే ఎవలే అది అని అరిచే నా అత్తా,
అరిచిన నోటితోనే ఆకలవుతుందా అని అడిగే నా అత్తా,
సల్ల ముంత చేతికిచ్చి మొఖం తిప్పుకునే నా అత్తా,
ఇయ్యాల ఊరంతా నీ వాకిట్లకొస్తిమి,
ఒక్కసారి ఎవలే అని అడుగవైతివి."

ఒకరిద్దరు ఏడుపులోనే నవ్వారు. పెద్దకొడుకు అప్పటిదాకా పాడె కట్టేవాళ్లతో వెదురు గురించి గొడవ పడుతున్నాడు. అది వదిలేసి గోడకు ఆనుకొని చిన్నపిల్లవాడిలాగా ఏడ్చాడు. నిజమే కదా, ఆమె మజ్జిగ ఇవ్వకుండా ఎవరినీ పంపలేదు. అరవకుండానూ ఇవ్వలేదు. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ దాన్ని చూడలేదు. మా అమ్మ చూసింది.

అమ్మ మనుషుల్ని చూసేది. బావి దగ్గర నీళ్లు చేదుతూ, కల్లంలో వడ్లు తూర్పారబడుతూ, అన్నం వడ్డిస్తూ చూసేది. ఎవరు ఎట్లా కూర్చుంటారు, ఎవరు మొదటి ముద్ద దేనితో కలుపుకుంటారు, కోపం వచ్చినప్పుడు ఎవరు చెయ్యి ఎక్కడ పెట్టుకుంటారు, అన్నీ చూసేది. చూసింది వృథాగా పోనిచ్చేది కాదు. పొద్దున కొట్టంలో పేడ తీస్తూ నోట్లో నోట్లో మాటలు పేర్చుకునేది. ఆ వేళప్పుడు ఆమెతో ఉండేది నేనొక్కదాన్నే.

"ఎడ్లను కొట్టలేక చెర్నకోలతో నేలను కొట్టే నా అన్నా అంటే బాగుందా, గాలిని కొట్టే నా అన్నా అంటే బాగుందా?" అని అడిగేది.

"గాలిని" అనేదాన్ని నేను.

"ఎందుకు?"

"నేలను కొడితే సప్పుడైతది. ఎడ్లు ఉరుకుతయి."

అమ్మ నవ్వి గాలిని ఖాయం చేసుకునేది. ఆ చెర్నకోల ఆయన మా వాడలోనే ఉండేవాడు, నిక్షేపంగా బతికి ఉన్నాడు. అదేమీ నాకు వింతగా అనిపించలేదు. పంట వచ్చినప్పుడే కదా గుమ్మిలో పోసుకుంటాం, ఆకలైనప్పుడు కాదు కదా. అమ్మా అంతే అనుకున్నాను. ఒక్కో మాట కోసం రెండు మూడు పొద్దులు తిరిగేది. కుదిరిన మాటను మళ్లీ మళ్లీ అనుకుని, గొంతులో ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో చూసుకునేది. దాని కోసం ఆమె పనేదీ ఆగలేదు, ఎవరి సొమ్మూ పోలేదు.

అమ్మ పుట్టిల్లు కోదాడకు అవతల, కృష్ణా జిల్లాకు దగ్గర. మా ఊరు మిర్యాలగూడ నుంచి నిడమనూరు పోయే దారిలో. ఆమె "ఉంటుంది, అవుతుంది, ఏవిటండీ" అంటే మా నాయనమ్మ మూతి తిప్పుతూ అట్లాగే అని చూపించేది. "మీ అమ్మ మాట్లాడుతదా, హరికథ చెప్తదా?" అని వాడలో ఆడవాళ్లు నన్ను ఆటపట్టించేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టు ఉండేది. అదే నోరు చావింట్లో మాత్రం అందరికీ ముద్దు.

నాయనమ్మకు ఈ పేరు వల్ల గొప్పే. పెద్ద గంగాళం ఉన్నవాళ్లు దాన్ని పెళ్లిళ్లకు అరువిచ్చినట్టు అమ్మను చావులకు అరువిచ్చేది. సూర్యాపేట చుట్టాలు గూడుబండి పంపిస్తే, "తీస్కపోన్రి, పొద్దుమీకి తోలియ్యున్రి" అనేది. అమ్మ ఒళ్లు నలిగి, గొంతు బొంగురుపోయి తిరిగివచ్చేది. వాకిట్లోనే తల మీద నీళ్లు పోసుకుని తడిబట్టలతో లోపలికి వస్తే ఆమెకు ఇంత వేడి అన్నం పెట్టినవాళ్లు లేరు. "ఇగ లెవ్వు, పాలు పిండాలె" అనేది నాయనమ్మ.

సంగతి ఇంతవరకే అయితే నాకు ఇంత కోపం ఉండేది కాదు. చావుకు బండి కట్టి తీసుకుపోయినవాళ్లే పెళ్లికి ఆమెను ముందుకు రానిచ్చేవాళ్లు కాదు. మా చిన్నాయన పెళ్లికి పసుపు దంచేటప్పుడు ముత్తైదువలు రోలు చుట్టూ చేరి పాడుతున్నారు. అమ్మ కూడా రోకలి పట్టుకుంది. ఒక చరణం అందుకోబోయింది. పక్కనున్నామె దంచడం ఆపి, "నువ్వందుకోకు పిల్లా, నీ నోరు వేరే" అంది. కోపంతో అనలేదు. ఉప్పు డబ్బాలో చక్కెర పోయొద్దని చెప్పినట్టు మెల్లగా చెప్పింది. మిగతావాళ్లు పాట ఆపకుండా పాడుకుంటూ పోయారు. అమ్మ రోకలి గోడకు ఆనించి, వెనక వసారాలోకి వెళ్లి కూరగాయలు కోస్తూ కూర్చుంది. ఆ రోజంతా అక్కడే ఉంది.

మనుషుల్లో ఉన్న సృజనను గుర్తించాలి, నీళ్లు పోసి పెంచాలి అని ఈ మధ్య ఒక సభలో ఒకాయన గంటసేపు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మోకాళ్ల నొప్పి అని చెప్పి మధ్యలోనే లేచి వచ్చేశాను. గుర్తించకపోవడం ఒక్కటే బాధ అయితే ఎంత బాగుండేది. మా అమ్మను ఊరు ఊరంతా గుర్తించింది. ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ దూరం పెట్టాలో కూడా అంత బాగానే గుర్తుపెట్టుకుంది.

మా అక్కకు పద్నాలుగేళ్లు నిండగానే సంబంధం చూశారు. రజాకార్ల రోజులు. ఈడొచ్చిన పిల్లను ఇంట్లో పెట్టుకుని కంటినిండా నిద్రపోయిన తల్లిదండ్రులు ఆ ఏడు మా వైపు లేరు. సూర్యాపేటలో సంబంధం కుదిరింది. వానలు పడేలోపు కానిచ్చెయ్యాలన్నారు. మేళం వద్దు, ఊరేగింపు వద్దు, అయినవాళ్లతో ఇంట్లోనే చేద్దామన్నారు. దేనికీ అమ్మ అడ్డు చెప్పలేదు. ఆమె కోరుకున్నది ఒక్కటే, అదీ నాతో తప్ప ఎవరితో అనలేదు. అప్పగింతల పాట తాను పాడాలి.

అప్పగింతల పాట మా ఊళ్లోనూ ఉంది. అత్తింట్లో ఎట్లా మసలుకోవాలో, ఎవరికి ముందు పెట్టాలో, ఎవరి మాట జవదాటకూడదో చెప్పే పాట. ఎంతమంది పిల్లలు ఊరు దాటినా పాట అదే. అమ్మ పుట్టింటి ఆడవాళ్ల పద్ధతి అది కాదు. వాళ్లింట్లో ఏ తల్లి తన పిల్లకు ఆ తల్లే కొత్తగా పాట కట్టాలి. ఆ పిల్ల ఎట్లా ఉండేదో, వెళ్లిపోతే ఇంట్లో ఏం వెలితి పడుతుందో చెప్పి అప్పగించాలి.

"ఇట్లాంటి పిల్లను ఇస్తున్నాం, ఎట్లాంటిదో విని మరీ తీసుకోండి అని చెప్పడమే" అంది అమ్మ నాతో. "మా అమ్మ నాకు కట్టింది. నా బిడ్డకు నేను కట్టొద్దా?"

ఇంకో సంగతి కూడా ఉంది. అది అమ్మ చెప్పలేదు, నాకు నేనే తెలుసుకున్నాను. శుభకార్యంలో, నలుగురి ముందు, ఒక్కసారి ఆమె నోటినుంచి పాట వచ్చిందంటే ఆ నోరు చావుకు తప్ప పనికిరాదన్న మాట అక్కడికక్కడే అబద్ధమైపోతుంది. మళ్లీ రోలు దగ్గర ఎవరూ ఆమెను ఆపలేరు. అమ్మ ప్రాణమంతా దాని మీదే పెట్టుకుంది. పెళ్లి పనుల్లో నడుము విరిగిపోతున్నా ఆమె మొహంలో అంత కళ నేను ఎప్పుడూ చూడలేదు. కొట్టంలో ఇద్దరమే ఉన్నప్పుడు కొత్తగా కుదిరిన చరణం వినిపించేది:

"పిలిస్తే ఆఁ అంటావు, పిలిచినచోటికి రావు,
పిలవకముందే ఇయ్యాల లేచిపోతున్నావా బిడ్డా.
నీ కాలు మీద పడితేనే నిద్రపట్టే చెల్లెలికి
రేపటినుంచి పక్కంతా చల్లనవుతుంది బిడ్డా.
దువ్వెనలో చిక్కుకున్న నీ వెంట్రుకలు
తియ్య చేతులు రావమ్మా, అట్లాగే దాస్తాను బిడ్డా."

ఆ చెల్లెల్ని నేనే. అక్క నిద్రలో కాలు ఎత్తి నా మీద వేసేది, నేను రోజూ పొద్దున లేచి గొడవపెట్టుకునేదాన్ని. ఆ కాలు పాటలోకి వస్తుందని నేను కలగన్నానా? వినగానే నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుపొచ్చిందంటే కుదిరినట్టే" అని అమ్మ సంబరపడిపోయింది.

పెళ్లి ఇంకో వారం ఉందనగా నాయనమ్మ పిడకల కోసం కొట్టం వెనక్కి వచ్చింది. గోడకు ఇవతల అమ్మ ఆ దువ్వెన చరణం పాడుతోంది. పాడేది మామూలుగా కాదు, గొంతు ఎక్కడ తెగాలో అక్కడ తెంపుతూ పాడుతోంది. వెనక గంప కిందపడిన చప్పుడైతే ఇద్దరం బయటికి వచ్చాం. నాయనమ్మ మొహం పాలిపోయి ఉంది.

"బతికున్న పిల్లకు శోకం పెడుతున్నవా?" అంది.

"శోకం కాదత్తమ్మా. అప్పగింతల పాట."

"అప్పగింతల పాట నాకు తెల్వదా? అండ్ల దువ్వెన ఎందుకొస్తది? ఎంటికలెందుకొస్తయి? సచ్చినోళ్లయి దాసుకుంటరు గని, కాపురానికి పొయ్యేదాని ఎంటికలు ఎవలన్న దాసుకుంటరా?"

"మా వైపు ఇట్లాగే కడతారత్తమ్మా. మా అన్నయ్య పెళ్లికి వస్తాడుగా, కావాలంటే అడగండి."

"మీ దిక్కు సంగతి మీ దిక్కే పెట్టుకో. ఈడ నా మనుమరాలు సస్తది."

అంతే, ఇల్లంతా వాకిట్లోకి వచ్చింది. పొలం నుంచి నాయన వచ్చాడు. ఇరుగుపొరుగు గోడల మీదినుంచి తొంగిచూశారు. అమ్మ మొదటినుంచి పాట పాడి చూపిస్తానంది. పాడనియ్యలేదు. పాడితే తెలిసిపోయేది కదా. నాలుగో చరణంలో సూర్యాపేట అత్తామామలకు పిల్లను చేతిలో పెట్టడం ఉంది, పాడిపంటలు చల్లగా ఉండాలనడం ఉంది. అక్కడిదాకా వినే ఓపిక ఎవరికీ లేదు. విన్నవాళ్లకు వినపడింది వెంట్రుకలు ఒక్కటే.

ఏడుస్తున్న నాయనమ్మ ఉన్నట్టుండి ఆగి, అమ్మ వైపు తేరిపార చూసింది. "నా మీద గూడ కట్టి పెట్టినవానే?" అని అడిగింది.

లేదు అంటే అయిపోయేది. అమ్మకు అబద్ధం రాక కాదు, మాకు చాటుగా పెట్టిన మజ్జిగ గురించి, పండు గురించి నాయనమ్మకు ఎన్ని అబద్ధాలు చెప్పిందో నాకు తెలుసు. ఇందులో మాత్రం చెప్పలేకపోయింది. తల వంచుకుని నిలబడింది. అది చాలింది వాళ్లకు.

కట్టింది నిజమే. నేను విన్నాను. "కోళ్లకు కొలవక పోసి, కోడళ్లకు కొలిచి పోసే నా అత్తా" అని ఎత్తుకునేది. ఆ తర్వాత చరణంలో ఇంకో అత్త ఉండేది. జ్వరమొచ్చిన కోడలి పక్కన తెల్లవార్లూ కూర్చుని, పొద్దున అడిగితే "నేనెప్పుడు కూసున్న?" అని దబాయించే అత్త. నాయనమ్మను అంత బాగా చూసినవాళ్లు కన్న కొడుకులతో సహా ఇంకెవరూ లేరు. తన గురించి అంత మంచి మాట ఒకటి ఆ కొట్టంలో ఉందని ఆమెకు చివరిదాకా తెలియలేదు.

నాయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. బయట రజాకార్ల భయం, ఇంట్లో తల్లి భయం, పెళ్లి ఆగిపోతుందేమోనని ఇంకో భయం. అమ్మను కొట్టలేదు, తిట్టలేదు. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటున్న అక్కను రెక్కపట్టి తీసుకొచ్చి అమ్మ ముందు నిలబెట్టాడు.

"పిల్ల తల మీద చెయ్యి పెట్టు. పాట గాని శోకం గాని ఇగ నీ నోట రాదని ఒట్టెయ్యి" అన్నాడు.

అమ్మ నాయన వైపు చూసింది, నాయనమ్మ వైపు చూసింది. అక్క తడి తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్లు పోతారని మాకు గట్టి నమ్మకం. ఇంతకంటే బాగా నోరు నొక్కే ఉపాయం ఏ పోలీసు పటేలుకూ తట్టి ఉండేది కాదు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెళ్లయింది. అప్పగింతలప్పుడు పక్కింటి ఆవిడ ఆ పాత పాటనే, బయటికి వినపడకుండా పాడింది. ఎవరి పిల్లకైనా సరిపోయే పాట మా అక్కకూ సరిపోయింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటింటి గడప దగ్గర నిలబడింది. బండి కదిలేటప్పుడు అక్క మెడ తిప్పి తిప్పి చూసింది. తన మీద ఒక పాట ఉందని అక్కకు తెలుసు, అది శోకమని నాయనమ్మ చెప్పింది కాబట్టి శోకమనే తెలుసు. ఆ చరణాలు నేను పాడి వినిపిస్తానంటే తర్వాత కూడా చెవులు మూసుకునేది.

ఆ తర్వాత చావింటి కబుర్లు వస్తే నాయనమ్మే అడ్డుపడి, "గొంతు పోయింది ఆమెకు" అని పంపించేసేది. కొన్నాళ్లకు కబుర్లు రావడం మానేశాయి. కొట్టంలో అమ్మ మాట్లాడకుండా పేడ తీసేది. ఏదన్నా చెప్పమని నేను అడిగితే, "పనుంది, పో" అనేది. నేనూ అడగడం మానేశాను.

యూనియన్ సైన్యం వచ్చి నిజాం రాజ్యం పోయిన తర్వాత, ఆ చలికాలంలోనే సూర్యాపేటలో అక్క మామ పోయాడు. మేమంతా వెళ్లాం. వియ్యపురాలు అమ్మ పెట్టే శోకం కోసం ఎదురుచూస్తోంది. అమ్మ శవం కాళ్ల దగ్గర నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది. అక్క పక్కకు చేరి చెవిలో బతిమాలింది.

"ఒక్క మాటన్న ఏడ్వవే అమ్మా. మా అత్త నీ దిక్కే సూస్తున్నది."

"ఒట్టుందే."

"నా తల మీది ఒట్టు నేనే వద్దంటున్న."

"నీ తల కాబట్టే కదే" అంది అమ్మ.

ఊరందరికీ ఏడ్చిన మనిషికి వియ్యంకుడికి ఏడవడానికి నోరు రాలేదని అక్క అత్తగారు ఏడాది పొడుగునా దెప్పింది. దెప్పిన ప్రతిసారీ అక్క తల్లినే తప్పుపట్టింది. అమ్మ కాపాడుతున్నది తన తలనే అని ఒక్కసారి అనుకుని ఉంటే బాగుండేది. అనుకోలేదు.

మరుసటి వానాకాలం నాయనకు పసిరికలు వచ్చాయి. పసరు తాగించారు, పథ్యం పెట్టారు. ఒళ్లంతా పసుపుపచ్చగా మారిపోయింది. మిర్యాలగూడ దవాఖానకు తీసుకుపోదామని అనుకునేసరికి బండి మీద పడుకునే శక్తి కూడా లేదు. ఒక పొద్దున పోయాడు. నాకు అప్పటికి పన్నెండేళ్లు.

చుట్టుపక్కల ఊళ్లనుంచి జనం వచ్చారు. అంతమంది మా నాయన కోసం వచ్చారని నేను అనుకోను. ఇన్ని చావులకు అట్లా ఏడ్చిన మనిషి కట్టుకున్నవాడికి ఎట్లా ఏడుస్తుందో విందామని వచ్చారు. నా పక్కనే ఒకామె ఇంకొకామెతో, "జర ముంగటికి జరుగు, ఇనపడాలె" అంది. నా చెవులతో విన్నాను. ఆమె గొంతు పట్టుకోవాలనిపించింది.

అమ్మ తల దగ్గర కూర్చుంది. మిగతా ఆడవాళ్లు వాళ్ల వాళ్ల శోకాలు పెట్టారు. నన్ను విడిచిపోతివా, నాకు దిక్కెవరు. నాయనమ్మ కొడుకా కొడుకా అని తల బాదుకుంది, అంతకు మించి ఆమెకు మాట రాలేదు. ఒకరి తర్వాత ఒకరు ఆగిపోయారు. అందరూ అమ్మనే చూస్తున్నారు. నాయనమ్మ పాక్కుంటూ వచ్చి అమ్మ గడ్డం పట్టుకుంది.

"ఏడ్వు పిల్లా. నీ నోటితోని ఏడ్వు. నా కొడుకు దిక్కులేనోని లెక్క పోతున్నడు."

"ఒట్టున్నది గదత్తా" అంది అమ్మ. అప్పటికి ఆమె మాట పూర్తిగా మా ఊరి మాట అయిపోయింది.

"పెట్టిచ్చినదాన్ని నేనే తీస్తున్న. తీసి గట్టున పెట్టిన. ఇందరు ఇన్నరు, ఇగ ఎవలకేం కాదు. ఏడ్వు నా తల్లీ."

అన్నేళ్ల కాపురంలో నాయనమ్మ ఆమెను తల్లీ అనడం అదే మొదటిసారి. అమ్మ నోరు తెరిచింది. జనం మెడలు ముందుకు చాచారు. "ఓ నా" అని రాగం ఎత్తుకుంది. ఆగిపోయింది. మళ్లీ నాయన మొహం చూసింది, పరాయి మనిషిని చూసినట్టు చూసింది. నోరు మూసుకుంది.

"మాటలు లెవ్వత్తా" అంది.

ఆమెను వాళ్లు అనని మాట లేదు. పగ తీర్చుకున్నదన్నారు. రాతిగుండె అన్నారు. డబ్బాశకు పరాయివాళ్లకు ఏడ్చేది కానీ సొంత మొగుడికి కన్నీటి చుక్క లేదన్నారు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ తీసుకోని మనిషిని ఆ మాట అన్నారు. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఆమె చేతి అన్నం తిన్నది కానీ మొహం చూసి మాట్లాడలేదు. అది పగే అని నేనూ నమ్మాను. నమ్మడం నాకు ఇష్టంగా ఉండేది. అంతమంది చేసిన దానికి ఒక్క జవాబైనా చెప్పింది కదా అనుకునేదాన్ని.

నా పెళ్లికి ముందు ఒక మధ్యాహ్నం ఇద్దరం వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నాం. నాయనమ్మ అప్పటికి పోయింది. అడగడానికి ఎవరి అడ్డూ లేదు కాబట్టి అడిగాను.

"నాయిన సచ్చిపోయిననాడు నువ్వు పగతోనే ఏడ్వలేదు గదమ్మా?"

అమ్మ ఆశ్చర్యంగా చూసింది. "పగేందే? ఏడుద్దామనే నోరు తెరిసిన. ఏమి రాలే."

"అన్ని మాటలొచ్చేటియి గద నీకు."

"మాటలు ఊకెనే వస్తయా? మనిషిని సూసి పెట్టుకోవాలె. పాడేది లేదన్నంక సూసుడెందుకని అది గూడ ఇడిసిన. అన్నం పెట్టిన, బట్టలుతికిన, పసరు తాపిన. ఆయన మొఖం దిక్కు సూడలే."

"అంతకుముందు సూసినయి?"

"మొగుడు బతికుండంగ మొగుని మీద కడతరానే ఎవలన్న?" అంది.

కొట్టంలో ఊళ్లోవాళ్లందరి మీదా కట్టింది, అత్త మీద కట్టింది, ఆయన ఒక్కడి జోలికి మాత్రం పోలేదు. భయం వేసి ఉంటుంది, నాయనమ్మకు వేసినట్టే. గింజలు తీస్తూ నేను నాయన మొహం గుర్తుచేసుకోవాలని చూశాను. పసుపు రంగు తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

"మరి నాయిన ఎట్లుండెటోడే?" అని అడిగాను.

అమ్మ చేతిలో చింతపండు చాటలో పెట్టి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది.

"పొడుగ్గుంటుండె" అంది.